చిన్న కొట్టు, తొమ్మిది వందల వంటలు

మెనూ పొడుగ్గా ఉన్న హోటల్లో తినొద్దని తిండి సంగతి తెలిసినవాళ్ళు చెబుతుంటారు. నాలుగు రకాలు చేసేవాడు నాలుగూ బాగా చేస్తాడు, నలభై చేసేవాడు దేన్నీ కుదురుగా చేయడు, పైగా ఆ నలభైకీ కావలసిన సరుకు ఫ్రిజ్‌లో ఎన్నాళ్ళ నుంచి మూలుగుతోందో ఎవరు చూడొచ్చారు అని వాళ్ళ వాదన. బ్రిటిష్ షెఫ్ గోర్డన్ రామ్సే 'కిచెన్ నైట్‌మేర్స్' అనే టీవీ కార్యక్రమంలో నష్టాల్లో పడ్డ హోటళ్ళను గట్టెక్కించడానికి వెళ్ళినప్పుడు తరచుగా చేసే పనుల్లో మెనూని కుదించడం ఒకటి. సలహాలో నిజం లేకపోలేదు. 'మల్టీ క్యూజిన్' అని బోర్డు పెట్టి, ఒకే ఎర్ర గ్రేవీని పది పేర్లతో వడ్డించే చోట్లు మన ఊళ్ళల్లోనూ కొల్లలు. అయితే ఈ సలహాను అన్నిచోట్లా వర్తించే సూత్రంగా పట్టుకుంటే కొన్ని మంచి వంటశాలల గుమ్మం తొక్కకుండానే వెనక్కి వచ్చేస్తాం. మెనూ ఎంత పొడుగన్నది మనం అడగాల్సిన ప్రశ్న కాదనీ, ఆ మెనూ వెనక నైపుణ్యం ఎక్కడ ఉందన్నదే అసలు ప్రశ్న అనీ నా అభిప్రాయం. దీన్ని పరీక్షించడానికి న్యూయార్క్‌లోని 'షాప్సిన్స్' అనే బుల్లి డైనర్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

షాప్సిన్స్ మొదట హోటల్ కాదు. 1970ల మొదట్లో మన్‌హాటన్‌లోని గ్రీనిచ్ విలేజ్ పేటలో, బెడ్‌ఫర్డ్, మోర్టన్ వీధులు కలిసే మూల మీద కెన్నీ షాప్సిన్, ఆయన భార్య ఈవ్ నడిపిన కిరాణా కొట్టు. 1980ల మొదట్లో ఆ కొట్టే భోజనశాల అయింది. పేరు మాత్రం 'షాప్సిన్స్ జనరల్ స్టోర్' అనే ఉండిపోయింది. పొయ్యి దగ్గర కెన్నీ, బల్లల దగ్గర ఈవ్, అటూ ఇటూ తిరుగుతూ ఐదుగురు పిల్లలు. అంతే సిబ్బంది అనుకోవచ్చు. ఆ కాస్త చోటు నుంచి వచ్చిన మెనూలో దాదాపు 900 వంటలు ఉండేవి. పత్రికల వాళ్ళంటే కెన్నీకి పడేది కాదు. గైడ్‌బుక్కుల వాళ్ళు ఫోన్ చేసి వివరాలు అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు. అక్కడ తరచూ తినే రచయిత కాల్విన్ ట్రిలిన్ ఎన్నో ఏళ్ళు ఆ కొట్టు గురించి రాయకుండా ఆగి, లీజు పోయి వాళ్ళు ఆ మూల ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు, 2002లో 'న్యూయార్కర్' పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు. 2004లో మాట్ మహురిన్ 'ఐ లైక్ కిల్లింగ్ ఫ్లైస్' అనే డాక్యుమెంటరీ తీశాడు. 2008లో కెన్నీ స్వయంగా 'ఈట్ మీ' అనే పుస్తకం వేశాడు. దాక్కోవాలనుకున్న మనిషికి ఇంత పేరు రావడం తమాషాయే.

మెనూ చదివితే అది ఏ దేశపు వంటో తేల్చుకోవడం కష్టం. మెక్సికో పద్ధతిలో టోర్టియా రొట్టె, గుడ్లు, బీన్స్, అన్నం, చీజ్ కలిపి చేసేదానికి 'బ్లిస్టర్స్ ఆన్ మై సిస్టర్స్' అని పేరు. మాకరోనీ, చీజ్ కలిపి పిండిలో వేసి కాల్చే పాన్‌కేకులు ఉన్నాయి. 'పోస్ట్‌మోడర్న్ పాన్‌కేక్స్' అని ఇంకొకటి: అప్పటికే కాల్చిన పాన్‌కేకులను ముక్కలు చేసి, ఆ ముక్కలను మళ్ళీ పాన్‌కేక్ పిండిలో కలిపి కాలుస్తారు. సాహిత్య విమర్శ చదివినవాళ్ళు ఆ పేరుకి నవ్వుకుంటారు, చదవనివాళ్ళు తిని ఊరుకుంటారు, ఇద్దరికీ నష్టం లేదు. 'బర్మీస్ హుమ్ముస్' అని కూడా ఒకటి ఉండేది. హుమ్ముస్ అరబ్బు దేశాల శనగల ముద్ద, దానికీ బర్మాకూ ఏ చుట్టరికమూ లేదు. ఇవన్నీ ఒకే చోట, ఒకే మనిషి చేతి మీదుగా, అడిగిన కాసేపటికి బల్ల మీదికి వచ్చేవి. ఇదెలా సాధ్యం అన్నది మొదటి ప్రశ్న.

జవాబు మన టిఫిన్ బండి దగ్గరే ఉంది. '99 రకాల దోశలు' అని బోర్డు పెట్టిన బండి వెనక 99 గిన్నెలు ఉండవు. పిండి ఒకటి, మహా అయితే పెసర పిండి ఇంకొకటి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, కారప్పొడి, ఆలుగడ్డ కూర, ఉప్మా, వెన్న, నెయ్యి, పనీర్, చీజ్. మిగతాదంతా మాస్టర్ చేతిలో ఉంటుంది. ఉప్మా పక్కన పెడితే ఒక టిఫిన్, పెసరట్టులో పెట్టి మడిస్తే ఎమ్మెల్యే పెసరట్టు. కెన్నీ చేసినదీ ఇదే, కాకపోతే మరింత విస్తారంగా. సూప్‌నే తీసుకుని లెక్క వేద్దాం. ఎనిమిది రకాల రసాలు, ఆరు రకాల మాంసం లేదా కూరగాయలు, చివర్న కలపడానికి ఐదు రకాల వస్తువులు ఉన్నాయనుకోండి. మొత్తం 19 గిన్నెలు. వాటితో కుదిరే కలయికలు 240. అందులో సగం నోట పెట్టుకోలేనివని తీసేసినా 120 సూప్‌లు మిగులుతాయి. పాన్‌కేకులకీ, గుడ్లకీ, శాండ్‌విచ్‌లకీ ఇదే లెక్క. పైగా సూప్‌లో వేసే కోడి మాంసమే శాండ్‌విచ్‌లోకీ వెళుతుంది, గుడ్లలో వేసే బీన్సే సూప్‌లోకీ వస్తాయి. ఇలా చూస్తే 900 వంటల మెనూకి కావలసిన సరుకు, 40 వంటలు చేసే మామూలు హోటల్ సరుకు కంటే మరీ ఎక్కువేమీ ఉండనక్కరలేదు. మెనూలో కనిపించే పొడుగు వంటింట్లో సామాను పొడుగు కాదు. అది వంటవాడికి తోచిన కలయికల పొడుగు.

అయితే గణితం ఒక్కటే సరిపోతే ప్రతి ఊళ్ళోనూ ఒక షాప్సిన్స్ ఉండేది. 240 కలయికల్లో ఏ సగం తీసేయాలో తెలియడమే విద్య. కొబ్బరి పాలతో ఏది కలుస్తుంది, ఏది విరుగుతుంది, దేన్ని ముందు వేయించాలి, దేన్ని దింపే ముందు వేయాలి అన్నవి కాగితం మీద రాసి జీతగాడి చేతికిస్తే వచ్చేవి కావు. వంటవాడూ యజమానీ ఒక్కరే అయితే, ఆ ఒక్కరే ఏళ్ళ తరబడి అదే పొయ్యి దగ్గర నిలబడితే, అప్పుడు ఆ కలయికలు చేతికి అలవాటవుతాయి. ఇక్కడే చిన్న మెనూ చరిత్ర కూడా ఒకసారి చూడాలి. 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు తమ హోటల్ మూసి, పద్ధతులన్నీ మార్చి తిరిగి తెరిచారు. దాదాపు 25 రకాలున్న మెనూని 9 రకాలకు దించారు. హాంబర్గర్ 15 సెంట్లు. రుచి పెరుగుతుందని వాళ్ళు ఆ పని చేయలేదు. వేగం కోసం, ఖర్చు తగ్గడం కోసం, అనుభవం లేని కుర్రాడు కూడా తన వంతు పనిని కొద్దిసేపట్లో నేర్చుకోగలగడం కోసం చేశారు. నైపుణ్యం మనిషి చేతిలోంచి తీసి పద్ధతిలో పెట్టారు. అది వ్యాపారంగా గొప్ప ఆలోచన, కాదనను. కానీ ఆ తర్వాత ఎప్పుడో చిన్న మెనూ అంటే శ్రద్ధ, పెద్ద మెనూ అంటే అశ్రద్ధ అనే అర్థం స్థిరపడిపోయింది. చిన్న మెనూలో కొన్ని నిజంగా శ్రద్ధ వల్ల చిన్నవి, కొన్ని ఫ్యాక్టరీ లెక్క వల్ల చిన్నవి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

నైపుణ్యం పద్ధతిలో పెట్టి కూడా పెద్ద మెనూ నడపొచ్చని రుజువు చేసినవాళ్ళు ఉన్నారు. అమెరికాలో చీజ్‌కేక్ ఫ్యాక్టరీ అనే గొలుసు హోటళ్ళ మెనూలో 250కి పైగా రకాలుంటాయి. భారత సంతతి సర్జన్ అతుల్ గవాండే 2012లో 'న్యూయార్కర్'లో, ఆస్పత్రులు ఈ హోటల్ నుంచి ఏం నేర్చుకోవచ్చో వివరిస్తూ ఒక వ్యాసం రాశాడు. ప్రతి వంటవాడి ఎదురుగా తెర మీద వంట వివరాలు, ఏ రోజు ఎంతమంది వస్తారో ముందే వేసుకున్న అంచనాలు, కొన్న సరుకులో రెండున్నర శాతానికి మించి వృథా కాకూడదన్న లక్ష్యం, ఇవన్నీ అందులో కనిపిస్తాయి. మెనూ పెద్దదైతే సరుకు పాడైపోక తప్పదన్న వాదానికి ఇదొక సమాధానం. ఈ రెండు కొసలనూ పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది: పెద్ద మెనూ నిలబడాలంటే వంటింటి వెనక ఒక బలమైన వ్యవస్థ ఉండాలి, లేదా పొయ్యి ముందు బలమైన వంటవాడు ఉండాలి. రెండూ లేనిచోట మాత్రం ఎర్ర గ్రేవీయే మిగులుతుంది. గోర్డన్ రామ్సే సలహా అలాంటి చోట్లకు నూటికి నూరుపాళ్ళూ సరిపోతుంది.

షాప్సిన్స్ ఆకాశం నుంచి ఊడిపడిందేమీ కాదు. డైనర్ అనే జాతి మొత్తమే కలగూరగంప. 1872లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో వాల్టర్ స్కాట్ అనే మనిషి గుర్రపు బండి మీద తిండి పెట్టుకుని, రాత్రిపూట పత్రికాఫీసులో పనిచేసేవాళ్ళకు అమ్మడంతో దాని కథ మొదలైందంటారు. బండి తర్వాత రైలు పెట్టెలాంటి ఆకారం వచ్చింది, ఫ్యాక్టరీలో తయారై ఊరూరికీ తరలింది. న్యూజెర్సీ ఆ తయారీకి పెద్ద కేంద్రమైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూయార్క్ చుట్టుపక్కల చాలా డైనర్లు గ్రీకు వలసదారుల చేతుల్లోకి వచ్చాయి. వాళ్ళు తమ ఊరి మూసాకానూ, పొరుగున ఉన్న యూదులకు కావలసిన మాట్జో ఉండల సూప్‌నూ, ఇటాలియన్ల పాస్తానూ, అమెరికన్ల గుడ్లు, పాన్‌కేకులనూ ఒకే పుస్తకంలోకి ఎక్కించారు. పేటలో ఎవరెవరు ఉన్నారో చెప్పే జనాభా పట్టికలా ఉంటుంది ఆ మెనూ. న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల కాపురముండే తెలుగువాళ్ళలో చాలామందికి అర్ధరాత్రి దాటాక కూడా దోసెడు పేజీల మెనూ చేతికిచ్చే ఇలాంటి డైనర్ పరిచయమే. వాటిలో అన్నీ మంచివని నేను వకాల్తా పుచ్చుకోను. చాలావాటిలో గుడ్లూ కాఫీ దాటి పోకపోవడమే క్షేమం. షాప్సిన్స్ ప్రత్యేకత ఏమిటంటే, ఇతరులు పేటలోని జనాన్ని చూసి పెంచిన మెనూని కెన్నీ తన బుర్రలోని ఆసక్తిని బట్టి పెంచాడు.

ఇక అభ్యంతరాలు. మొదటిది తాజాదనం. అన్నిరకాలు చేసేవాడు కొన్నిటికైనా డబ్బాలోదో గడ్డకట్టించినదో వాడక తప్పదని అంటారు. నిజమే, వాడాడు. తన పాన్‌కేకులకు ఆంట్ జెమైమా బ్రాండ్ ఫ్రోజెన్ పిండి వాడతానని కెన్నీ తన పుస్తకంలో దాచకుండా రాసుకున్నాడు. ఇది వినగానే శుద్ధ వంట పక్షం వాళ్ళు చెవులు మూసుకుంటారు. నాకు మాత్రం అందులో ఒక వివేకం కనిపిస్తుంది. పాన్‌కేక్ పిండి ఎవరు కలిపినా ఇంచుమించు ఒకేలా వస్తుంది. తేడా అంతా పెనం వేడిలో, ఎప్పుడు తిప్పాలన్న తెలివిడిలో, అందులో ఏం వేస్తున్నామన్న దాంట్లో ఉంది. మనిషికి ఉన్న రెండు చేతుల సమయాన్ని ఎక్కడ ఖర్చు పెడితే తినేవాడికి తేడా తెలుస్తుందో అక్కడ పెట్టాలి. రోజంతా కదిలే సరుకు ఫ్రిజ్‌లోంచి వచ్చినా తాజాగానే ఉంటుంది, కదలని సరుకు తోటలోంచి వచ్చినా వడలిపోతుంది. ఒకే కోడి మాంసం యాభై వంటల్లోకి వెళ్ళే చోట ఆ మాంసం నిలవ ఉండే అవకాశం తక్కువ. ఒక్క వంట కోసమే కొని పెట్టిన ఖరీదైన పుట్టగొడుగు నిలవ ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి లెక్కపెట్టాల్సింది వంటల సంఖ్యను కాదు, ఒక్కో సరుకు ఎన్ని వంటల్లోకి వెళుతోందన్నది.

రెండో అభ్యంతరం తినేవాడి వైపు నుంచి వస్తుంది. ఇన్ని రకాలు చూస్తే మనిషికి దిక్కుతోచదు, ఎంచుకోలేక అవస్థ పడతాడు, ఎంచుకున్నాక కూడా అది కాకుండా ఇంకోటి చెప్పి ఉంటే బాగుండేదని చింతపడతాడు. దీనికి మనస్తత్వ శాస్త్రంలో పేరుమోసిన ఆధారం ఒకటుంది. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో, కాలిఫోర్నియాలోని ఒక సరుకుల దుకాణంలో 24 రకాల జామ్‌లు పెట్టినప్పుడు ఆగి చూసినవాళ్ళలో 3 శాతం మందే కొన్నారు. 6 రకాలు పెట్టినప్పుడు 30 శాతం కొన్నారు. ఈ లెక్కను వ్యాపార పాఠాల్లో ఇప్పటికీ మంత్రంలా చదువుతారు. కానీ 2010లో షైబెహెన్నె, గ్రైఫెనెడర్, టాడ్ అనే పరిశోధకులు ఇలాంటి 50 ప్రయోగాలను కలిపి చూస్తే, సగటున ఆ ప్రభావం దాదాపు సున్నాకి వచ్చింది. కొన్ని సందర్భాల్లో ఎంపిక ఎక్కువైతే బాధ, కొన్నిటిలో ఎంపిక ఎక్కువైతేనే సుఖం. తనకేం కావాలో ముందే కొంత తెలిసినవాడికి పొడుగు జాబితా బరువు కాదు. పేటలో రోజూ తినేవాడు మెనూని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడు. తన నాలుగైదు రకాల దగ్గరికి వెళతాడు, ఎప్పుడైనా మనసు పుడితే పక్క వరుసలోకి చూస్తాడు. 900 వంటలు ఒక మనిషి కోసం రాసినవి కావు, నాలుగైదు రకాలు చొప్పున రెండు వందల మంది కోసం రాసినవి. కొత్తగా వచ్చినవాడికి తికమకగా ఉంటుందన్నది నిజం. అయితే కొత్తవాళ్ళను ఆకర్షించడం కెన్నీ ఆశయాల్లో ఎప్పుడూ లేదు.

దీంతో మూడో అభ్యంతరం వస్తుంది, ఇది నా దృష్టిలో అన్నిటికంటే గట్టిది. ఆ కొట్టులో నియమాలు ఉండేవి. ఒక బల్ల దగ్గర నలుగురికి మించి కూర్చోకూడదు. ఐదుగురు వచ్చి ఇద్దరూ ముగ్గురూగా విడిపోయి నటించినా కుదరదు. పక్కవాడు చెప్పినదే నువ్వూ చెప్పకూడదు. నియమాలు మీరితే, లేదా ఆయనకు తిక్క రేగితే, కెన్నీ నోరు జారేవాడు, బయటికి పొమ్మనేవాడు. డబ్బిచ్చి తినడానికి వచ్చిన మనిషిని ఇలా చూడొచ్చా? ఆయన అభిమానులు దీన్నంతా సరదా కింద కొట్టేస్తారు, నేను కొట్టేయలేను. నలుగురి నియమానికి అర్థం ఉంది: వంటవాడు ఒక్కడే, ఒక్కో ప్లేటూ విడిగా చేయాలి, ఐదుగురికీ ఒకేసారి వేడిగా అందించడం కష్టం, అంతమంది చేరితే చిన్న గదిలో మిగతావాళ్ళ మాటలు వినపడవు. ఒకే వంట రెండుసార్లు చెప్పకూడదన్న నియమానికి మాత్రం వంటింటి న్యాయం ఏదీ లేదు. నిజానికి రెండు ప్లేట్లు ఒకే రకం చేయడం తేలిక. అది పూర్తిగా మనిషి స్వభావం. విసుగు పుట్టించే పనిని తాను చేయనని ఒక పనివాడు చెప్పుకోవడం. తిట్టడాన్ని నేను సమర్థించను. కానీ ఇలాంటి మెనూ రావాలంటే ఇలాంటి మొండితనం కూడా ఎంతో కొంత ఉండక తప్పదేమో అనిపిస్తుంది. అందరినీ మెప్పించాలనుకునే యజమాని అందరూ అడిగే ఇరవై వంటల దగ్గర ఆగిపోతాడు. ఏ సర్వే చేసినా మాకరోనీ పాన్‌కేక్ కావాలని ఎవరూ రాయరు.

వంటల పేర్ల మీద కూడా విమర్శ ఉంది. దేశాల పేర్లు ఇష్టం వచ్చినట్టు తగిలించడం ఆ దేశాల వంటను చులకన చేయడమే కదా అని. కొన్ని పేర్లు మాత్రం మోటు హాస్యానివి, నలుగురిలో పైకి చదవలేనివి. వాటి మీద విమర్శ వస్తే రాదగిందే. కానీ కలయికల విషయంలో ఈ శుద్ధ వంట వాదం నిలబడదు. మంచూరియా అనే వంటకం మంచూరియాలో పుట్టలేదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1970ల్లో బొంబాయిలో చేశాడని ప్రతీతి. ఇవాళ గోబీ మంచూరియా లేని ఫాస్ట్‌ఫుడ్ బండి తెలుగు ఊళ్ళల్లో వెతికినా దొరకదు. హైదరాబాద్ నాంపల్లి వైపు తెల్లవారుజామున బండ్ల మీద దోశలో ఉప్మా వేసి, వెన్న రాసి, పైన చీజ్ తురుముతారు. దానికి ఏ శాస్త్రంలోనూ ఆధారం లేదు, తినేవాళ్ళకు కొరతా లేదు. బర్మీస్ హుమ్ముస్ అన్న పేరు చూసి బర్మా వంట తెలుసుకున్నానని ఎవరూ అనుకోరు. రుచి కుదిరిందా లేదా అన్నదే అక్కడి పరీక్ష. ఫలానా దేశపు అసలైన వంట అని చెప్పుకుని పెట్టే ఖరీదైన హోటల్‌కు మాత్రం ఈ మినహాయింపు ఇవ్వనక్కరలేదు.

ఇంతవరకూ వంటవాడి గురించే మాట్లాడుకున్నాం. కానీ నాకు కనిపించినంతలో ఇలాంటి కొట్టు ఉండాలా పోవాలా అన్నది చివరికి తేల్చేది అద్దె. రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో అచ్చైన తన ప్రసిద్ధ నగర గ్రంథంలో, తాను కాపురమున్న గ్రీనిచ్ విలేజ్‌లో జనం తమ ఇంటి తాళంచెవులను వీధిలోని దుకాణదారు దగ్గర నమ్మకంగా వదిలి వెళ్ళేవారని రాసింది. పాత భవనాలూ తక్కువ అద్దెలూ ఉంటేనే కొత్త ఆలోచనలకు నగరంలో చోటు దొరుకుతుందని కూడా ఆమె వాదన. షాప్సిన్స్ పుట్టింది ఆ పేటలోనే, అలాంటి వాతావరణంలోనే. తర్వాత ఆ పేట న్యూయార్క్‌లోకెల్లా ఖరీదైన చోట్లలో ఒకటైంది. 2002లో పాత మూల పోయాక కుటుంబం దగ్గర్లోని కార్మైన్ వీధికి మారింది. మరుసటి ఏడాది ఈవ్ చనిపోయింది. ఆ కొత్త చోటూ ఎక్కువకాలం నిలవలేదు. 2007లో లోయర్ ఈస్ట్ సైడ్‌లోని ఎసెక్స్ స్ట్రీట్ మార్కెట్‌లో ఒక చిన్న దుకాణంలోకి వచ్చి పడ్డారు. ఆ మార్కెట్ నగరపాలనది. వీధుల్లో తోపుడు బండ్ల మీద అమ్ముకునేవాళ్ళను లోపలికి చేర్చడం కోసం మేయర్ లా గార్డియా కాలంలో, 1940లో తెరిచారు. అంటే సొంత ఆలోచనతో పుట్టిన ఆ హోటల్‌ను చివరికి నిలబెట్టింది ప్రైవేటు మార్కెట్ కాదు, బండివాళ్ళ కోసం ప్రభుత్వం కట్టిన పైకప్పు. స్వేచ్ఛా వ్యాపారానికి ముచ్చటైన ఉదాహరణగా షాప్సిన్స్‌ను చూపేవాళ్ళు ఈ ముక్క చెప్పడం మరిచిపోతారు.

దీన్ని బట్టి మన దగ్గర కూడా ఆలోచించాల్సింది ఉంది. దోశలో ఉప్మా వేయాలన్న ఆలోచన అద్దె లక్షల్లో ఉండే మాల్ ఫుడ్‌కోర్టులో పుట్టదు. అక్కడ ప్రతి చదరపు అడుగూ నిన్న అమ్ముడైనదే ఇవాళ కూడా అమ్మమంటుంది. ప్రయోగం విఫలమైతే నష్టం వంద రూపాయల పిండితో పోయే చోటే ప్రయోగాలు జరుగుతాయి. పార్లమెంటు 2014లో వీధి వ్యాపారుల చట్టం చేసింది. సర్వే చేసి, ధ్రువపత్రాలిచ్చి, అమ్ముకునే చోటు కేటాయించమంది. ఆ చట్టాన్ని జీవనోపాధి చట్టంగానే చూస్తాం, అది న్యాయమే. కానీ బండి అన్నది ఊరి తిండికి ప్రయోగశాల కూడా. రోడ్డు వెడల్పు పేరుతో దాన్ని తుడిచేసిన చోట తర్వాత వచ్చేవి ఒకే పేరు, ఒకే రంగు బోర్డు, ఒకే మెనూ ఉన్న గొలుసు దుకాణాలే.

చివరి అభ్యంతరం ఒకటి మిగిలింది. మొత్తం ఒక మనిషి మీద నిలబడిన హోటల్ ఆ మనిషితోనే పోతుంది కదా, అలాంటిదాన్ని ఆదర్శంగా ఎలా చూపుతారని. కెన్నీ షాప్సిన్ 2018 సెప్టెంబరులో, 76వ ఏట చనిపోయాడు. హోటల్ పోలేదు. కొడుకు జాక్ పొయ్యి అందుకున్నాడు. చిన్నప్పటి నుంచీ ఆ వంటింట్లో పెరిగినవాడు కాబట్టి, కాగితం మీద రాయలేని విద్య కళ్ళతో చూసి, చేతులతో చేసి నేర్చుకున్నాడు. కూతురు టమారా రచయిత్రి, చిత్రకారిణి. 2017లో 'ఆర్బిట్రరీ స్టూపిడ్ గోల్' అనే పుస్తకంలో పాత గ్రీనిచ్ విలేజ్‌నూ తండ్రి కొట్టునూ అక్షరాల్లో పెట్టింది. అయితే ఈ పద్ధతిలో పది శాఖలు తెరవడం కుదరదు, పెట్టుబడిదారుకి చూపించి డబ్బు తేవడం కుదరదు. ఆ మేరకు అభ్యంతరం సరైనదే. దాన్ని లోపమని నేను అనుకోను.

2019లో ఎసెక్స్ మార్కెట్ పాత భవనం నుంచి డెలాన్సీ వీధి అవతల కొత్త భవనంలోకి మారింది, దాంతోపాటే షాప్సిన్స్ కూడా. న్యూయార్క్ వెళ్ళే తెలుగువాళ్ళు టైమ్స్ స్క్వేర్, లిబర్టీ విగ్రహం చూసుకున్నాక ఒక పూట అటు వెళ్ళి రావచ్చు. మెనూ మొత్తం చదవాలని కూర్చోకండి, రెండు వరుసలు చూసి ఒకటి చెప్పేయండి. పక్కవాళ్ళ ప్లేటు చూపించి అదే కావాలని అనకండి. ముఖ్యంగా బాబాయిలు, పిన్నులు, పిల్లలతో కలిసి పదిమందీ ఒకేసారి లోపలికి నడవకండి. నలుగురు చాలు.